పాతకాలపు గిటారు యాంప్లిఫయరు హెడ్

పాతకాలపు గిటారు యాంప్లిఫయరు హెడ్ అనగా ముఖ్యముగా 1950ల నుండి 1970ల వరకు తయారై, నేటికీ వాయిద్యకారుల మధ్యను, సేకర్తల మధ్యను చేతులు మారుతున్న వాల్వు యాంప్లిఫయరు. ఎలక్ట్రిక్ గిటారు నుండి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని స్పీకరును కదిలించగల శక్తికి పెంచడం దీని పని. హెడ్‌లో స్పీకర్లు ఉండవు. అవి క్యాబినెట్ అనే వేరొక పెట్టెలో ఉంటాయి. యాంప్లిఫయరు, స్పీకరు రెండూ ఒకే పెట్టెలో ఉంటే దానిని కాంబో అంటారు. హెడ్‌ను క్యాబినెట్ల మీద నిలిపిన అమరికకు స్టాక్ అని పేరు.

ఇటువంటి హెడ్‌ను కొనేవారు సాధారణంగా పేరును, తయారైన సంవత్సరాన్ని, బయటి రూపాన్ని చూసి వెల కడతారు. అయితే దాని నిజమైన స్థితి చాసీ లోపల ఉంటుంది. అరిగిపోయే భాగాలు ఏవి, మార్చితే విలువ తగ్గే భాగాలు ఏవి అన్న భేదం తెలియనివారు ఎక్కువ ధర చెల్లించి నష్టపోవచ్చును. అంతకన్నా ముఖ్యంగా, ప్రాణాపాయం గల పరికరాన్ని ఇంటికి తెచ్చుకొనే అవకాశం కూడా ఉన్నది. బ్రిటన్‌కు చెందిన మార్షల్ హెడ్‌లను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నిర్మాణము, పనిచేయు విధానము

వాల్వు హెడ్‌లో ముఖ్యంగా నాలుగు విభాగాలు ఉంటాయి.

1. విద్యుత్ సరఫరా విభాగము: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఇంటి విద్యుత్తును అధిక వోల్టేజిగా మారుస్తుంది. వాల్వుల ఫిలమెంట్లను వేడి చేయడానికి కావలసిన 6.3 వోల్టులను కూడా అందిస్తుంది. రెక్టిఫయరు ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. ఫిల్టరు కెపాసిటర్లు అందులోని హెచ్చుతగ్గులను తొలగిస్తాయి.

2. ప్రీయాంప్లిఫయరు: ఈసీసీ83 వంటి చిన్న వాల్వులు గిటారు సంకేతాన్ని తొలి దశలో పెంచుతాయి. బాస్, మిడిల్, ట్రెబుల్ వంటి స్వర నియంత్రణలు ఇక్కడే ఉంటాయి.

3. పవర్ యాంప్లిఫయరు: ఈఎల్34, కేటీ66, 6ఎల్6 వంటి పెద్ద వాల్వులు సంకేతానికి శక్తినిస్తాయి.

4. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు: వాల్వుల అధిక అవరోధాన్ని స్పీకరు యొక్క తక్కువ అవరోధానికి జత చేస్తుంది. స్పీకరు అవరోధము సాధారణంగా 4, 8 లేదా 16 ఓములు ఉంటుంది.

ధ్వనిని బాగా పెంచినపుడు వాల్వులు సంకేతాన్ని ఉన్నది ఉన్నట్లుగా పెంచలేవు. తరంగపు శిఖరాలు చదునై, కొత్త అనుస్వరాలు చేరుతాయి. రేడియోలో దోషంగా పరిగణించబడే ఈ వికృతి, గిటారు విషయంలో కోరదగిన గుణముగా మారినది. రాక్ సంగీతంలోని గిటారు నాదానికి ఇదే మూలం.

చరిత్ర

జిమ్ మార్షల్ (1923-2012) డ్రమ్ వాద్యకారుడు, డ్రమ్ బోధకుడు. 1960లో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో సంగీత వాద్యాల దుకాణం తెరిచారు. ఆ రోజులలో బ్రిటన్‌లో అమెరికా యాంప్లిఫయర్లు ఖరీదైనవి, దొరకడం కష్టం. దుకాణానికి వచ్చే గిటారు వాద్యకారుల కోరికపై, కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే సాంకేతికుల సహాయంతో స్వంతంగా ఒక యాంప్లిఫయరును రూపొందించి 1962లో అమ్మకం ప్రారంభించారు. దీని పేరు జేటీఎం45. జేటీఎం అనగా జిమ్ అండ్ టెర్రీ మార్షల్. టెర్రీ ఆయన కుమారుడు.

జేటీఎం45కు ఆధారం ఫెండర్ సంస్థ 1950ల చివరలో తయారు చేసిన బాస్‌మన్ యాంప్లిఫయరు యొక్క 5ఎఫ్6-ఎ సర్క్యూట్. సర్క్యూట్ దాదాపు అదే అయినా బ్రిటన్‌లో దొరికే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, సెలెస్టియన్ స్పీకర్లు వాడడం వలన నాదం వేరైనది. నాలుగు 10 అంగుళాల స్పీకర్లు గల ఫెండర్ కాంబోకు బదులుగా, మార్షల్ హెడ్‌ను నాలుగు 12 అంగుళాల స్పీకర్లు గల మూసిన క్యాబినెట్‌తో జత చేశారు.

ది హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్, జాన్ ఎంట్‌విసిల్ ఇంకా పెద్ద ధ్వని కావాలని కోరగా, 1965లో 100 వాట్ల హెడ్ తయారైనది. టౌన్‌షెండ్ మొదట ఎనిమిది స్పీకర్లు గల ఒకే క్యాబినెట్ చేయించుకున్నారు. అది మోయలేనంత బరువు కావడంతో దానిని రెండుగా విడదీశారు. మార్షల్ స్టాక్ ఆ విధంగా రూపుదిద్దుకున్నది. 100 వాట్ల సూపర్ లీడ్ హెడ్‌కు 1959 అనే నమూనా సంఖ్య ఇవ్వబడినది. 1959 అన్నది తయారైన సంవత్సరము కాదు. ఇదే రీతిలో 50 వాట్ల లీడ్ హెడ్ నమూనా సంఖ్య 1987. అమ్మకపు ప్రకటనలలో ఈ సంఖ్యలను సంవత్సరాలుగా పొరబడడం కొత్తవారిలో సాధారణము.

మొదటి హెడ్‌లలో 5881, తరువాత కేటీ66 పవర్ వాల్వులు ఉండేవి. 1966-67 నాటికి వాటి స్థానంలో ఈఎల్34 వచ్చినది. 1967లో జేటీఎం అక్షరాలకు బదులుగా జేఎంపీ అనే అక్షరాలు వాడుకలోకి వచ్చినవి. 1969 మధ్య వరకు ముందు పలక బంగారు రంగు ప్లెక్సిగ్లాస్‌తో చేయబడేది. అందువలన ఆ కాలపు హెడ్‌లను ప్లెక్సీ అని పిలుస్తారు. ఆ తరువాత అల్యూమినియం పలక వచ్చినది. 1973-74 ప్రాంతంలో చేతితో తీగలు కట్టిన బోర్డుల స్థానంలో ముద్రిత సర్క్యూట్ బోర్డులు ప్రవేశించినవి. జిమి హెండ్రిక్స్ 1966లో లండన్ చేరిన తరువాత ఈ 100 వాట్ల హెడ్‌లను విరివిగా వాడడంతో వీటి కీర్తి ప్రపంచమంతటా వ్యాపించినది.

ఇదే కాలానికి చెందిన ఇతర హెడ్‌లలో అమెరికాకు చెందిన ఫెండర్ బాస్‌మన్, బ్రిటన్‌కు చెందిన హైవాట్ డీఆర్103, ఆరెంజ్ హెడ్‌లు ప్రసిద్ధమైనవి.

అరిగే భాగాలు, మూల భాగాలు

పాత హెడ్‌లోని భాగాలన్నిటికీ ఒకే విలువ ఉండదు. వాటిని మూడు తరగతులుగా విభజించవచ్చును.

వాడకంతో అరిగేవి: వాల్వులు, ఫిల్టరు కెపాసిటర్లు, ఫ్యూజులు. ఫిల్టరు కెపాసిటర్లలోని ఎలక్ట్రోలైట్ కాలక్రమంలో ఎండిపోతుంది. హెడ్‌ను వాడకుండా మూల పడవేసినా ఇది ఆగదు. కాబట్టి 50 సంవత్సరాల నాటి హెడ్‌లో ఇవి మార్చబడి ఉండడం లోపం కాదు, సరైన సంరక్షణకు గుర్తు. మార్చినపుడు తీసివేసిన పాత భాగాలను భద్రపరచి కొనుగోలుదారుకు అందజేయడం మంచి పద్ధతిగా పరిగణించబడుతుంది.

నాదంపై ప్రభావం చూపేవి: కప్లింగ్ కెపాసిటర్లు, రెసిస్టర్లు, వాల్యూం కంట్రోళ్ళు. 1960ల మార్షల్ హెడ్‌లలో కనిపించే పసుపు రంగు ములార్డ్ కెపాసిటర్లను ఆవపిండి రంగును బట్టి మస్టర్డ్ కెపాసిటర్లు అంటారు. సేకర్తలు వీటికి విలువ ఇస్తారు. వీటిలో చెడిపోయిన దానిని మాత్రమే మార్చడం ఉచితము.

హెడ్‌కు గుర్తింపునిచ్చేవి: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, చాసీ, సర్క్యూట్ బోర్డు, పలకలు, పెట్టె. తొలి జేటీఎం45 లలో రేడియోస్పేర్స్ ట్రాన్స్‌ఫార్మర్లు, తరువాతి మార్షల్ హెడ్‌లలో డ్రేక్, డాగ్నాల్ ట్రాన్స్‌ఫార్మర్లు వాడబడినవి. అసలు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోయిన హెడ్ చక్కగా పనిచేయవచ్చును గాని, దానిని పూర్తిగా అసలైనదిగా అమ్మరాదు.

దీనిని బట్టి, "లోపల ఏ భాగమూ ముట్టుకోలేదు" అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నవని గ్రహించవలెను. మూల భాగాలు అన్నీ ఉన్నవని ఒక అర్థము. కాలం చెల్లిన కెపాసిటర్లు, పాత మెయిన్స్ తీగ కూడా అలాగే ఉన్నవని రెండవ అర్థము. మొదటిది విలువను పెంచుతుంది. రెండవది మరమ్మతు ఖర్చును, ప్రమాదాన్ని పెంచుతుంది.

కాలనిర్ణయము

తయారైన సంవత్సరాన్ని ఏదో ఒక ఆధారంతో కాక, పరస్పరం సరిపోలే అనేక ఆధారాలతో నిర్ణయిస్తారు.

* క్రమసంఖ్య: 1969 మధ్య నుండి మార్షల్ హెడ్‌ల క్రమసంఖ్యలో సంవత్సరాన్ని సూచించే అక్షరం చేర్చబడినది. ఉదాహరణకు సి అంటే 1971, డి అంటే 1972, ఇ అంటే 1973.
* వాల్యూం కంట్రోలుపై సంకేతాలు: అమెరికా హెడ్‌లలో ఇవి బాగా ఉపయోగపడతాయి. 1376512 అన్న సంఖ్యలో 137 తయారీదారైన సీటీఎస్ సంస్థను, 65 సంవత్సరాన్ని (1965), 12 ఆ సంవత్సరపు 12వ వారాన్ని సూచిస్తాయి.
* ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లపై ముద్రించిన సంకేతాలు.
* పలక రకము, పెట్టెపై రెక్సిన్, ముందు భాగపు వస్త్రము, మీటల ఆకృతి.

భాగాలపై ఉన్న తేదీ ఆ భాగం తయారైన కాలాన్ని మాత్రమే తెలుపుతుంది. హెడ్ అంతకుముందు తయారై ఉండదని దాని భావము. కర్మాగారంలో నిలువ ఉన్న భాగాలను కొన్ని నెలల తరువాత వాడడం సహజము. 1968 నాటిదని చెప్పిన హెడ్‌లో ఒక్క కంట్రోలుపై మాత్రమే 1972 సంకేతం ఉంటే అది మార్చబడినదని భావించవచ్చును. అన్ని భాగాలపైనా 1972 ఉంటే హెడ్ తేదీయే తప్పు.

కొనుటకు ముందు పరీక్ష

మొదట హెడ్‌ను ఆపివేసి ఉండగా బయట పరిశీలించాలి. పలకలపై అదనపు రంధ్రాలు, పూడ్చిన రంధ్రాలు, మార్చిన సాకెట్లు ఉన్నవేమో చూడాలి. ఆ తరువాత చాసీ లోపలి ఛాయాచిత్రాలను అడగాలి. అమ్మేవారు వీటిని ఇవ్వడానికి నిరాకరిస్తే, లోపలి భాగాలను గురించి వారు చెప్పే మాటలకు ఆధారం లేనట్లే. కర్మాగారంలో వేసిన టంకం ఒకే తీరుగా, ఒకే వన్నెతో ఉంటుంది. మెరిసే కొత్త టంకం, కాలిన గుర్తులు, రంగు వేరైన తీగలు తరువాతి పనిని సూచిస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు నుండి మాడిన వార్నిష్ వాసన వస్తే జాగ్రత్తపడాలి.

చాలా కాలం వాడని హెడ్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టి ఆన్ చేయరాదు. ముందుగా సాంకేతికుడు దానిని పరీక్షించి, సీరీస్ బల్బు ద్వారా విద్యుత్తు ఇస్తాడు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, హెడ్‌కు ఎక్కువ కరెంటు చేరదు.

ఆన్ చేయుటకు ముందు సరైన అవరోధం గల స్పీకరు తగిలించి ఉండాలి. స్పీకరు లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో అధిక వోల్టేజి పుట్టి దాని లోపలి ఇన్సులేషన్ దెబ్బతినవచ్చును. పరీక్ష పేరుతో జరిగే ఈ పొరపాటు వలన హెడ్‌లోని అత్యంత విలువైన భాగం పోయే ప్రమాదమున్నది.

పనిచేస్తున్నపుడు గమనించవలసిన లక్షణాలు:

* హోరు: 50 హెర్ట్జ్ సరఫరా గల దేశాలలో 100 హెర్ట్జ్ హోరు ఎక్కువగా వినిపిస్తే ఫిల్టరు కెపాసిటర్లు బలహీనమై ఉండవచ్చును.
* కరకర శబ్దం: కంట్రోలును తిప్పినపుడు మాత్రమే వస్తే దుమ్ము కారణం కావచ్చును. ఇది చిన్న లోపము.
* గణగణ ధ్వని: ప్రీయాంప్లిఫయరు వాల్వును చెక్కపుల్లతో మెల్లగా తట్టినపుడు స్పీకరులో గట్టిగా మోగితే ఆ వాల్వును మార్చాలి.
* ఎర్రబడడం: పవర్ వాల్వు లోపలి లోహపు పలక ఎర్రగా కాలితే వెంటనే ఆపివేయాలి. బయాస్ సరిగా లేకపోవడం గాని, కప్లింగ్ కెపాసిటరు లీకవడం గాని దీనికి కారణం కావచ్చును. గాజుపై కనిపించే పలుచని నీలి కాంతి సాధారణంగా దోషం కాదు.

పవర్ వాల్వులు మార్చినపుడు బయాస్ సరిచూడాలి. ఈఎల్34 యొక్క ఆనోడు 25 వాట్ల వరకు వేడిని భరించగలదు. ఈ రకం హెడ్‌లలో ధ్వని లేని స్థితిలో అందులో సుమారు 70 శాతం, అనగా 17.5 వాట్లు, గరిష్ఠ పరిమితిగా పాటిస్తారు. ఆనోడు వోల్టేజి 450 అయితే ఒక్కొక్క వాల్వు గుండా ప్రవహించే కరెంటు సుమారు 39 మిల్లీ ఆంపియర్లు మించరాదని లెక్క.

విద్యుత్ భద్రత

మార్షల్ 100 వాట్ల హెడ్ లోపల ఏకముఖ వోల్టేజి 450 నుండి 500 వరకు, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా ఫిల్టరు కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉండి మనిషిని చంపగలదు. అందువలన అనుభవం లేనివారు చాసీని తెరచి లోపల చేయి పెట్టరాదు. వాల్వు రేడియోలను బాగు చేసిన పాత తరం మెకానిక్‌లకు ఈ సర్క్యూట్ సూత్రాలు పరిచయమైనవే. కాని సాధారణ రేడియోలోని సుమారు 250 వోల్టులతో పోలిస్తే ఇక్కడి వోల్టేజి దాదాపు రెట్టింపు.

పాత అమెరికా హెడ్‌లలో రెండు పిన్నుల ప్లగ్గు ఉండేది, ఎర్తు తీగ ఉండేది కాదు. హోరు తగ్గించడానికి మెయిన్స్ తీగకు, చాసీకి మధ్య ఒక కెపాసిటరును అమర్చేవారు. అది షార్టయితే మెయిన్స్ విద్యుత్తు నేరుగా చాసీకి, అక్కడి నుండి గిటారు తీగలకు చేరుతుంది. సాంకేతికులు దీనిని మృత్యు కెపాసిటరు అని పిలుస్తారు. వేదికపై ఎర్తు లోపం ఎంత ప్రమాదకరమో 1972లో జరిగిన ఒక దుర్ఘటన తెలుపుతుంది. స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే, వేల్స్‌లోని స్వాన్‌సీలో గిటారు పట్టుకొని ఎర్తు లేని మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు.

కావున రెండు పిన్నుల తీగను మూడు పిన్నుల తీగగా మార్చి, చాసీకి గట్టి ఎర్తు ఇచ్చి, ఆ కెపాసిటరును తొలగించడం తప్పనిసరి. దీనివలన అసలుదనం తగ్గుతుందని భావించరాదు. ఈ మార్పును సేకర్తలు కూడా అంగీకరిస్తారు.

భారతదేశంలో వాడకము

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అమెరికాలో నివసించే తెలుగువారు అక్కడ కొన్న హెడ్‌ను స్వదేశానికి తెచ్చినపుడు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. 120 వోల్టులకు మాత్రమే తయారైన హెడ్‌ను 230 వోల్టులకు కలిపితే ఫ్యూజు పోవడంతో ఆగక, ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు కూడా కాలిపోవచ్చును. తగినంత సామర్థ్యం గల స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడాలి. అది వోల్టేజిని తగ్గిస్తుంది గాని పౌనఃపున్యాన్ని మార్చదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే రూపొందించిన ట్రాన్స్‌ఫార్మరు 50 హెర్ట్జ్ వద్ద ఎక్కువగా వేడెక్కుతుంది.

అనేక మార్షల్ హెడ్‌లలో వెనుక పలకపై వోల్టేజి ఎంపిక సాధనం ఉంటుంది. ఆన్ చేయుటకు ముందు అది సరైన స్థానంలో ఉన్నదో లేదో చూడాలి. ఆ సాధనం లోపల తొలగించబడి ఉండే అవకాశం కూడా ఉన్నది గనుక పలకపై ముద్రించిన అంకెను మాత్రమే నమ్మరాదు.

బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ ఒకప్పుడు రేడియోల కొరకు వాల్వులను తయారు చేసేది. ప్రస్తుతం గిటారు యాంప్లిఫయర్లకు కావలసిన వాల్వులు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనా దేశాల నుండి వస్తాయి.

మార్పులు, నకళ్ళు

1970లలో వాద్యకారులు తక్కువ ధ్వనిలో కూడా వికృతి రావాలని తమ హెడ్‌లకు మాస్టర్ వాల్యూం చేర్పించుకునేవారు. మార్షల్ సంస్థ కూడా 1975లో 2203 అనే మాస్టర్ వాల్యూం నమూనాను విడుదల చేసినది. పలకకు రంధ్రం చేయకుండా చేసిన మార్పును తిరిగి సరిచేయవచ్చును. రంధ్రం చేసినచో సేకర్తల దృష్టిలో విలువ శాశ్వతంగా తగ్గుతుంది. అయితే వాయించుటకు కొనేవారికి ఇటువంటి హెడ్ తక్కువ ధరకు దొరికే మంచి అవకాశం కావచ్చును.

ఈ సర్క్యూట్లు సరళమైనవి, భాగాలు నేటికీ దొరుకుతాయి. అందువలన పాత చాసీలో కొత్త బోర్డు అమర్చి అసలుదిగా అమ్మడం సాధ్యమే. మార్షల్ సంస్థ స్వయంగా 1959ఎస్ఎల్‌పీ, 1959హెచ్‌డబ్ల్యూ వంటి పునరుత్పత్తి నమూనాలను విడుదల చేసినది. వీటిలో హెచ్‌డబ్ల్యూ చేతితో తీగలు కట్టినది. చరిత్ర కన్నా నాదం ముఖ్యమనుకునే వారు వీటిని పరిశీలించవచ్చును.

రవాణా, ఇంటిలో వాడకము

100 వాట్ల మార్షల్ హెడ్ బరువు సుమారు 20 కిలోలు. అందులో అధిక భాగం ట్రాన్స్‌ఫార్మర్లదే. ప్రయాణంలో పెట్టె కింద పడితే ఈ బరువుకు చాసీ వంగవచ్చును. పంపుటకు ముందు వాల్వులను తీసి, ఏ వాల్వు ఏ సాకెట్‌లోనిదో గుర్తు వ్రాసి, విడిగా చుట్టాలి.

1959 వంటి హెడ్‌లలో మాస్టర్ వాల్యూం లేదు. కోరిన వికృతి రావాలంటే ధ్వనిని బాగా పెంచాలి. ఆ స్థాయి ఇంటి గదికి తగదు, చెవికి కూడా హానికరము. హెడ్‌కు, స్పీకరుకు మధ్య అటెన్యుయేటరు అమర్చి ధ్వనిని తగ్గించవచ్చును గాని దాని అవరోధం, సామర్థ్యం హెడ్‌కు సరిపోవాలి. 50 వాట్ల హెడ్ తీసుకున్నా ధ్వని సగం కాదు. శక్తి సగమైతే ధ్వని తీవ్రత 3 డెసిబెల్‌లు మాత్రమే తగ్గుతుంది. కాబట్టి కొనేవారు అమ్మకపు ధరకు రవాణా, సుంకము, తొలి మరమ్మతు, అవసరమైతే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు, అటెన్యుయేటరు ఖర్చులను కూడా కలిపి మొత్తం వ్యయాన్ని లెక్కించుకోవలెను.